దీవి పేరు లేని చీటీ

జీవశాస్త్రం కాస్తయినా చదివినవాళ్లకి డార్విన్ పేరు వినగానే ఒక బొమ్మ గుర్తుకొస్తుంది. వరసగా పిట్టల తలలు, తలకో రకం ముక్కు. గింజలు పగలగొట్టే లావు ముక్కు ఒకటి, పురుగుల్ని ఏరుకునే సన్న ముక్కు ఒకటి. కింద గలాపగోస్ దీవుల ఫించ్ పిట్టలు అని ఉంటుంది. డార్విన్ ఆ దీవులకు వెళ్లాడు, ఏ దీవి పిట్టకు ఏ ముక్కు ఉందో చూశాడు, పరిణామ సిద్ధాంతం తట్టింది. పరీక్షలో మనం ఇలాగే రాశాం, మార్కులూ పడ్డాయి.

జరిగింది మాత్రం ఇలా కాదు. విద్యార్థి తన తప్పుల్ని ఏం చేసుకోవాలి, తన కాగితాల్ని ఎలా సర్దుకోవాలి అన్నది ఈ రోజు నా ప్రసంగ విషయం. ఈ రెండూ వేర్వేరు సంగతులని మనం అనుకుంటాం. కావు. ఎందుకు కావో ఆ పిట్టల అసలు కథ వింటే తెలుస్తుంది.

1835 సెప్టెంబరులో బీగిల్ అనే ఓడ గలాపగోస్ చేరింది. దక్షిణ అమెరికా తీరానికి దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రంలో ఉన్న దీవులు అవి. డార్విన్‌కి అప్పటికి 26 ఏళ్లు. అయిదు వారాల్లో నాలుగు దీవుల మీద దిగాడు. మొక్కలు, పురుగులు, రాళ్లు, పిట్టలు, ఏది దొరికితే అది సేకరించాడు. పిట్టను కొట్టి, చర్మం ఒలిచి, చెడిపోకుండా ఎండబెట్టి, దానికో చీటీ కట్టాలి. చీటీ మీద ఒక నంబరు. ఆ నంబరుకి ఎదురుగా పుస్తకంలో వివరం. పద్ధతి తెలిసినవాడే, నంబర్లు వేశాడు. కానీ ఫించ్ పిట్టల్లో చాలావాటికి అవి ఏ దీవిలో దొరికాయో రాయలేదు.

సోమరితనంతో కాదు. అరవై మైళ్లలోపు దూరంలో ఉన్న దీవులు, ఒకే రకం రాయి, ఒకే ఎండ. అలాంటప్పుడు ఒక దీవి పిట్టలు ఇంకో దీవి పిట్టల్లా కాకుండా వేరుగా ఉంటాయన్న ఊహే ఆయనకు రాలేదు. రాయాల్సిన అవసరం లేదని ముందే తీర్మానించుకున్నాడు. హెచ్చరించినవాడు కూడా లేకపోలేదు. అక్కడి వైస్ గవర్నర్ లాసన్ ఒక మాట అన్నాడు: తాబేలుని చూపిస్తే అది ఏ దీవి నుంచి వచ్చిందో చెప్పేస్తానని. డార్విన్ ఆ మాట విన్నాడు, కొంతకాలం పట్టించుకోలేదు, ఈలోగా రెండు దీవుల సేకరణ కొంతవరకు కలిసిపోయింది. ఎవరో శత్రువు బయటపెట్టిన సంగతి కాదిది, తన యాత్రా గ్రంథంలో ఆయనే రాసుకున్నాడు. ఇక ఆ తాబేళ్ల గతి ఏమైందంటే, ఓడకెక్కించిన వాటిని దారిలో వండుకుని తిన్నారు, డిప్పలు సముద్రంలో పారేశారు. సాక్ష్యాన్నే భోంచేశారన్నమాట.

లండన్ చేరాక 1837 జనవరిలో ఆ పిట్టలన్నీ జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడి ముందుకు వెళ్లాయి. డార్విన్ వాటిలో కొన్నింటిని అసలు ఫించ్‌లే అనుకోలేదు. గౌల్డ్ చూసి, ఇవన్నీ ఒకే కుటుంబం, లోకంలో ఇంకెక్కడా లేని ఫించ్‌లు అని తేల్చాడు. అప్పుడు పుట్టింది అసలు ప్రశ్న: ఏ పిట్ట ఏ దీవిది? డార్విన్ దగ్గర జవాబు లేదు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, డార్విన్ దగ్గర పనిచేసే కుర్రాడు సిమ్స్ కవింగ్టన్ కూడా పిట్టల్ని పట్టారు. వాళ్లు మాత్రం దీవి పేరు రాసుకున్నారు. అంతటి ప్రకృతి పరిశోధకుడూ తన పనివాడి చీటీల మీద ఆధారపడాల్సి వచ్చింది. అప్పటికీ కొన్నింటి ఊరు ఊహే. ఫ్రాంక్ సల్లోవే అనే చరిత్రకారుడు 1982లో ఈ లెక్కంతా విప్పి చెప్పాడు. 1859లో వచ్చిన జాతుల ఆవిర్భావ గ్రంథంలో ఈ ఫించ్‌ల ముక్కుల ప్రస్తావనే లేదంటే, మన పాఠ్యపుస్తకాల బొమ్మ ఎంత తర్వాతిదో ఊహించుకోండి.

కథలో ఇంకో సగం ఉంది. అదే దీవుల్లో మాకింగ్‌బర్డ్ అనే ఇంకో రకం పిట్టలున్నాయి. రెండో దీవిలో పట్టిన మాకింగ్‌బర్డ్ మొదటి దీవిదానిలా లేదని డార్విన్‌కి అనుమానం వచ్చింది. అప్పటినుంచి వాటికి మాత్రం దీవి పేరు తప్పకుండా రాశాడు. జాతులు స్థిరంగా ఉండకపోవచ్చునన్న ఆలోచనకి ఆయన నోట్సులో తొలి ఆధారంగా నిలిచింది ఫించ్‌లు కాదు, ఈ మాకింగ్‌బర్డ్‌లు. అదే మనిషి, అవే అయిదు వారాలు, అదే సంచి. తేడా అల్లా చీటీ మీద ఒక్క పేరు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది. తప్పుల నుంచి నేర్చుకోండి అని పిల్లలకు చెప్పడం చాలా తేలిక. చేసిన తప్పు గుర్తుంటే కదా నేర్చుకోవడానికి. గుర్తుండదు. మన మనసు మన తప్పుల విషయంలో మనకి వకీలుగా పనిచేస్తుంది. ప్రతికూల సాక్ష్యాన్ని కోర్టుకి రానివ్వదు. క్రమపద్ధతి అంటే అట్ట వేసిన పుస్తకాలు, రంగురంగుల పెన్నులు అని అనుకుంటాం గానీ, అసలు పని ఈ వకీలుకి చిక్కకుండా సాక్ష్యాన్ని దాచిపెట్టడం.

ఈ సంగతి డార్విన్ తర్వాత బాగా తెలుసుకున్నాడు. 1876లో రాసుకున్న ఆత్మకథలో తాను చాలా ఏళ్లు పాటించిన ఒక నియమం గురించి చెప్పాడు. తన అభిప్రాయానికి విరుద్ధమైన సంగతి ఏది కనబడినా, ఏది తట్టినా, తప్పనిసరిగా, అప్పటికప్పుడే రాసిపెట్టుకునేవాడట. అనుకూలమైన సంగతుల కంటే ప్రతికూలమైనవి చాలా తొందరగా మనసులోంచి జారిపోతాయని అనుభవం మీద గ్రహించానన్నాడు. దాని ఫలం జాతుల ఆవిర్భావ గ్రంథంలోనే కనిపిస్తుంది. తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కుల కోసం ఆరో అధ్యాయమే కేటాయించాడు. ప్రత్యర్థులు అడగబోయే ప్రశ్నల్ని ముందే తన చేత్తో రాసి పెట్టాడు.

ఇప్పుడు మన ఇంటర్మీడియెట్ కుర్రాడి దగ్గరికి వద్దాం. వారం వారం పరీక్ష ఉంటుంది. సాయంత్రానికి కీ వస్తుంది. రాత్రికి మార్కులు, ర్యాంకు వాట్సాప్‌లో నాన్నగారి ఫోనుకి వెళ్తాయి. నూట ఎన్నో మార్కులు వచ్చాయి, పోయినవి ఎన్నో. పోయినవాటి గురించి ఇంట్లో అడిగితే జవాబు సిద్ధం: సిల్లీ మిస్టేకులు. పేపరు మంచం కిందికి వెళ్తుంది. వచ్చే ఆదివారం ఇంకో పేపరు.

ఆ సిల్లీ అనే మూట ఒకసారి విప్పి చూడండి. లోపల రకరకాలవి ఉంటాయి. సరికానిది ఏది అని అడిగితే సరైనది పెట్టడం ఒకటి. ప్రశ్నలో సెంటీమీటర్లు, జవాబుల్లో మీటర్లు ఉంటే చూసుకోకపోవడం ఒకటి. సమీకరణంలో ఇటునుంచి అటు మార్చేటప్పుడు మైనస్ మరిచిపోవడం ఒకటి. ఇక నాలుగోది ఉంది, అది చాలా తెలివిగా దాక్కుంటుంది: పాఠమే అర్థం కాలేదు, కానీ సూత్రం గుర్తుంది కాబట్టి తెలుసనుకున్నాం. మొదటి మూడూ అలవాటుకి సంబంధించినవి. నాలుగోదానికి మళ్లీ పుస్తకం తెరవాలి, లెక్చరర్ దగ్గరికి వెళ్లాలి. నాలుగింటికీ ఒకే పేరు పెట్టి ఒకే మూటలో కట్టేస్తే, ఏ దీవి పిట్టో తెలియని సేకరణలాగే మిగులుతుంది.

పైగా తప్పుకి అన్ని పరీక్షల్లో ఒకే ధర ఉండదు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు, తప్పు రాస్తే మార్కు కోత లేదు. ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, అవే 3 గంటలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. అంటే తెలిసిన ప్రశ్నకి తప్పు జవాబు పెడితే రావాల్సిన నాలుగూ పోయి, పైన ఇంకొకటి పోతుంది. మొదటిదాంట్లో తొందర వల్ల పోయే మార్కులు ఎక్కువ, రెండోదాంట్లో గుడ్డి ధైర్యం వల్ల పోయేవి ఎక్కువ. రెండూ రాసే పిల్లలు రెండింటి తప్పుల్నీ ఒకే చోట కలిపితే తమకున్న జబ్బు తొందరో ధైర్యమో తేల్చుకోలేరు.

మన చదువుల్లో తప్పుల్ని చెరిపేసే ఏర్పాటు ఇంకొకటి ఉంది. రఫ్ పుస్తకం, ఫెయిర్ పుస్తకం. కొట్టివేతలు, తప్పుదారి పట్టిన లెక్కలు, మార్జిన్లో సందేహాలు, ఇవన్నీ రఫ్‌లో. వాటిని తుడిచేసి అందంగా ఎత్తి రాసింది ఫెయిర్‌లో. సంవత్సరం చివర ఫెయిర్ దాచుకుంటాం, రఫ్ పాతకాగితాలవాడికి తూకానికి వేస్తాం. నన్నడిగితే ఆ బేరంలో పాతకాగితాలవాడే ఎక్కువ లాభపడ్డాడు.

ఫిజిక్స్ లేబరేటరీలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. లఘులోలకం ప్రయోగం అందరికీ తెలిసిందే. దారానికి గుండు కట్టి ఊపి, 20 డోలనాలకు పట్టిన కాలం కొలిచి, గురుత్వ త్వరణం కట్టాలి. రావలసింది సుమారు 980 అని ముందే తెలుసు. వచ్చింది ఇంకేదో. అప్పుడు ఏం చేస్తారో ఏ సైన్స్ విద్యార్థినైనా అడగండి. 980 నుంచి వెనక్కి లెక్కకట్టి, స్టాప్‌వాచ్ రీడింగులు దిద్ది, రికార్డులో శుభ్రంగా దించుతారు. సంతకం పడుతుంది.

కానీ ఆ తప్పు అంకె ఎంత మంచి గురువో చూడండి. మీకు 1086కి దగ్గరగా వచ్చిందనుకోండి. డోలనాలు లెక్కపెట్టడం మొదలుపెట్టేటప్పుడు సున్నా అనాల్సిన చోట ఒకటి అన్నారని దాదాపు చెప్పేయవచ్చు. అప్పుడు మీరు 20 అనుకున్నవి నిజానికి 19. కాలం తగ్గింది, త్వరణం పెరిగింది, లెక్క వేస్తే సరిగ్గా అంతే వస్తుంది. లేదా 970 వచ్చిందనుకోండి. దారం పొడవుని గుండు మధ్యవరకు కొలవాల్సింది, పైన కొక్కెం దాకా కొలిచి వదిలేశారేమో చూసుకోవాలి. మీటరు పొడవులో ఒక సెంటీమీటరు తగ్గితే త్వరణంలో నూటికి ఒక వంతు తగ్గుతుంది. ఒక్కో తప్పు తనదైన వేలిముద్ర వదిలి వెళ్తుంది. 980 అని దిద్దినవాడు ఆ వేలిముద్రని తన చేత్తోనే తుడిచేశాడు. ఆ రోజు ప్రయోగశాలలో నిజంగా నేర్చుకోగలిగిన ఒక్క సంగతీ పోయింది.

తప్పు ఒప్పుకోవడం అంత సులువైతే ఇంత మాట్లాడాల్సిన పనే లేదు. నియమం పెట్టుకున్న డార్విన్‌కే ఒక తప్పు వదలడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. స్కాట్లండ్‌లో గ్లెన్ రాయ్ అని ఒక లోయ ఉంది. దాని కొండవాలుల మీద మూడు అడ్డగీతలు, సుమారు 350, 325, 260 మీటర్ల ఎత్తుల్లో, ఎవరో రోడ్లు వేసినట్టు సమాంతరంగా సాగుతాయి. 1838లో డార్విన్ అక్కడికి వెళ్లి చూశాడు. అంతకు మూడేళ్ల ముందే చిలీలో భూకంపం వచ్చి తీరం పైకి లేవడం తన కళ్లతో చూసి వచ్చినవాడు. కాబట్టి ఇవి కూడా ఒకప్పటి సముద్రతీరాలే, నేల పైకి లేచింది అన్నాడు. 1839లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం వచ్చింది. మరుసటి ఏడాదే లూయీ అగస్సీ వచ్చి, ఇది సముద్రం కాదు, హిమానీనదం లోయకు అడ్డుపడి ఏర్పడ్డ సరస్సు తాలూకు గట్లు అన్నాడు. డార్విన్ ఒప్పుకోలేదు. 1861లో జేమీసన్ అనే ఆయన అక్కడ మళ్లీ పరిశీలించి ఆధారాలు చూపాకగానీ ఓటమి ఒప్పుకోలేదు.

ఇందులో మన ఎంట్రన్స్ పిల్లలు వినాల్సిన సంగతి ఒకటుంది. తాను ఎలా పొరపడ్డాడో డార్విన్ ఆత్మకథలో వివరంగా చెప్పాడు. అప్పటికి తెలిసినంతలో మిగతా కారణాలేవీ పొసగలేదు, కనుక సముద్రమే కారణం అని వాదించాడట. మనవాళ్లు ఎలిమినేషన్ అంటారే, అదే పద్ధతి. నాలుగు జవాబుల్లో మూడు కావని తేలితే నాలుగోది కళ్లు మూసుకుని పెట్టేయవచ్చు, ఎందుకంటే ఒప్పు ఆ నాలుగింట్లోనే ఉందని పేపరు పెట్టినవాడు హామీ ఇచ్చాడు. లోకం అలాంటి హామీ ఇవ్వదు. డార్విన్ ముందున్న జాబితాలో ఒప్పు జవాబు అసలు లేనేలేదు. హిమానీనదాల సంగతి అప్పుడప్పుడే తెలుస్తోంది. మన పిల్లలు రెండేళ్లపాటు పగలూ రాత్రీ ఎలిమినేషన్ సాధన చేస్తారు. ఆ అలవాటు పరీక్ష హాలు దాటి వెంట రాకుండా చూసుకోవాలని నాకు అనిపిస్తుంది. తప్పు ఎందుకు జరిగిందని ఆలోచించేటప్పుడు కూడా, తొందర కాదు, సూత్రం తెలుసు, కాబట్టి సిల్లీ అని తోసెయ్యడం ఎలిమినేషనే.

సరే, ఏం చెయ్యాలి? ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, తప్పులకు మాత్రమే. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలామంది లెక్చరర్లు చెప్పేదే. చెప్పినా ఎందుకు పనిచేయదంటే, పిల్లలు అందులో తప్పు ప్రశ్న, పక్కన సరైన సాధన ఎత్తి రాస్తారు. అది మళ్లీ ఫెయిర్ పుస్తకమే. సరైన సాధన గైడులో ఎలాగూ ఉంది. ఎక్కడా దొరకనిది ఒక్కటే: ఆ క్షణంలో మీరేమనుకున్నారు. దాన్ని రాయాలి. తేదీ, ఏ పరీక్ష, ప్రశ్న ఒక్క ముక్కలో, నేను ఇలా అనుకున్నాను, అది ఎందుకు నిలవలేదు. ఉదాహరణకు: వృత్తంలో సమవడితో తిరుగుతోంది అన్నారు, సమవేగం కదా త్వరణం సున్నా అనుకున్నాను, వడి మారకపోయినా దిశ మారుతోందని చూడలేదు. మూడు వాక్యాలు. పేపరు ఇచ్చిన రోజే రాయాలి. రెండు రోజులు ఆగితే ఏమనుకున్నామో పోతుంది, మార్కు ఒక్కటే గుర్తుంటుంది.

ఇంకో చిన్న పని. సాధన పరీక్షలు రాసేటప్పుడు ప్రతి జవాబు పక్కన ఎంత నమ్మకంగా పెట్టారో ఒక గుర్తు వేయండి. గట్టి నమ్మకమైతే రెండు చుక్కలు, సగం సగమైతే ఒకటి, గుడ్డిగా పెడితే ఏమీ వద్దు. దీని వెనక ఒక పరిశోధన ఉంది. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించిందేమంటే, గట్టి నమ్మకంతో చేసిన తప్పుని దిద్దితే, అనుమానంతో చేసిన తప్పు కంటే అది బాగా సరవుతుంది. మనం తలకిందులుగా ఊహిస్తాం కదా, గట్టిగా పాతుకున్నది తీయడం కష్టమని. కాదు, ఆశ్చర్యపోయినప్పుడు మనసు చెవి రిక్కించి వింటుంది. కాబట్టి రెండు చుక్కలుండి తప్పయిన ప్రశ్నే మీ పుస్తకంలో మొదట ఎక్కాలి. మనం సిగ్గుపడి దాచేది కూడా దాన్నే.

అయితే దాంతో అయిపోలేదు. 2011లో బట్లర్, ఫాజియో, మార్ష్ అనే ముగ్గురు వారం తర్వాత మళ్లీ పరీక్షించి చూశారు. దిద్దిన జవాబు గుర్తున్నంతకాలం బాగానే ఉంది. అది మరుగున పడితే మాత్రం, నమ్మకంగా చేసిన ఆ పాత తప్పే మళ్లీ బయటికొచ్చింది. కాబట్టి పుస్తకంలో రాసి మూసేస్తే చాలదు, వారం తర్వాత ఆ ప్రశ్నని జవాబు మూసి మళ్లీ చేయాలి. దీనికి సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో ఒక మంచి ఉపాయం చెప్పాడు. ప్రశ్నలు చిన్న అట్టముక్కల మీద రాసి, అరలుగా విడదీసిన పెట్టెలో వేయాలి. మొదటి అరలోవి తరచుగా చూస్తాం. ఒప్పు చెప్పిన ముక్క తర్వాతి అరకు వెళ్తుంది, దాన్ని ఇంకాస్త అరుదుగా చూస్తే చాలు. ఎంత దూరం వెళ్లిన ముక్కయినా ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటి అరకే. చెప్పుల డబ్బాలో మూడు అట్టలు అడ్డం పెడితే పెట్టె తయారు. ఖర్చు లేదు. వచ్చిన పాఠమే మళ్లీ మళ్లీ చదివి మురిసిపోయే అలవాటు దీంతో తగ్గుతుంది. రాని ప్రశ్నలే ఎదురుగా నిలబడతాయి.

కాగితాలు సర్దుకోవడం గురించి చాలా చెప్పవచ్చు గానీ నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. అందంగా సర్దే పిల్లలందరూ బాగా చదువుతారని ఎవరూ అనలేరు. కావలసింది ఒక్కటే: అవసరమైనప్పుడు దొరకాలి. డార్విన్ తర్వాతి రోజుల్లో 30, 40 పెద్ద ఫైళ్లు పెట్టుకున్నాడు, అరల మీద పేర్లు రాసి. చిన్న చీటీ చేతికొచ్చినా అప్పటికప్పుడు దాని ఫైల్లో పడేసేవాడు. చదివిన పుస్తకం చివర తనకు పనికొచ్చే సంగతుల పట్టిక రాసుకునేవాడు. కొత్త విషయం మొదలుపెట్టేముందు ఆ పట్టికలన్నీ తిరగేసేవాడు. పుస్తకం బరువుగా ఉంటే మధ్యకు కోసి రెండు చేసేవాడని కొడుకు ఫ్రాన్సిస్ రాశాడు. ఇది వింటే మన లైబ్రేరియన్లకు గుండె ఆగుతుంది. కానీ చూడండి, పుస్తకం అందంగా ఉండడం ఆయనకు అక్కర్లేదు, చేతికి ఒదగడం కావాలి.

విద్యార్థికి సబ్జెక్టుకో ఫైలు చాలు. ప్రతి కాగితం మీద తేదీ, పాఠం పేరు. తప్పుల పుస్తకం చివరి రెండు పేజీలు ఖాళీగా వదిలి, పాఠాలవారీగా పేజీ నంబర్లు వేసుకుంటూ పోతే, పరీక్ష ముందురోజు భ్రమణ చలనంలో నేనేం తప్పులు చేశానో అర నిమిషంలో తేలుతుంది.

ఎక్కడో ఉంటుందిలే అనుకునే ధీమా పెద్ద సంస్థలకీ తప్పలేదు. డార్విన్ నోట్‌బుక్కులు రెండు, జీవవృక్షం బొమ్మ తొలిసారి గీసింది వాటిలో ఒకటి, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉండేవి. 2001 జనవరిలో చూస్తే స్థానంలో లేవు. ఎవరో వేరే అరలో పెట్టేసి ఉంటారని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2020కిగానీ దొంగతనం అని ప్రకటించలేదు. 2022 మార్చిలో ఎవరో ఒక గులాబీరంగు సంచిలో పెట్టి గ్రంథాలయంలోనే వదిలి వెళ్లారు. ఎవరన్నది చెప్పకుండా, ఈస్టర్ శుభాకాంక్షలు మాత్రం రాసి పెట్టారు.

టైమ్‌టేబుల్ గురించి రెండు మాటలు. పరీక్షలకు నెల ముందు స్కెచ్‌పెన్నులతో గీసి గోడకు అంటించేది మూడో రోజుకే కూలిపోతుంది. కూలడంలో నష్టం లేదు, ఎక్కడ కూలిందో రాసుకోకపోవడమే నష్టం. గీసిన టైమ్‌టేబుల్ పక్కన ఒక ఖాళీ గడి వదిలి, ఆ గంటలో నిజంగా ఏం చేశారో రాయండి. వారానికి తెలుస్తుంది, రాత్రి పదకొండుకి కెమిస్ట్రీ మీకు ఎక్కదని. అప్పుడు గోడమీది కాగితాన్ని మార్చండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. డార్విన్ ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు ఒక విడత, పదిన్నర నుంచి పన్నెండు వరకు ఇంకో విడత పనిచేసి, ఇవాళ్టికి మంచి పనే చేశాననుకునేవాడట. తర్వాత తోటబాటలో నడక. ఉదయం అయిదు నుంచి రాత్రి పదకొండు వరకు స్టడీ అవర్స్ పెట్టే కాలేజీల ముందు ఈ మాట అనాలంటే కొంచెం భయంగానే ఉంది. మూడు గంటలు చాలు అనడం లేదు నేను. ఆ గంటల్లో అలసిపోయి చేసిన తప్పుకీ, అర్థం కాక చేసిన తప్పుకీ తేడా తెలియకపోతే, ఇంకో మూడు గంటలు పెంచినా అదే తప్పు ఇంకోసారి జరుగుతుంది. తప్పుల పుస్తకంలో తేదీ పక్కన వేళ కూడా రాసుకోమనేది అందుకే.

చివరగా అధ్యాపకులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ పుస్తకం సంగతి విన్నాక కొంతమంది లెక్చరర్లు రేపే క్లాసులో ప్రకటిస్తారు: అందరూ తప్పుల పుస్తకం పెట్టాలి, శనివారం చూస్తాను, అయిదు మార్కులు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మార్కులు పెట్టిన మరుక్షణం పిల్లలు ముచ్చటైన తప్పుల్ని ఎంచి, మంచి దస్తూరీతో రాసి తెస్తారు. లఘులోలకం 980 కథే మళ్లీ. అమ్మానాన్నలు కూడా అడగకుండా తెరవకండి. వందకు డెబ్బై వచ్చినప్పుడు పోయిన ముప్పై ఎక్కడని గద్దించే ఇంట్లో ఏ పిల్లా తన తప్పుని ఉన్నదున్నట్టు రాసుకోదు. అడగాలనిపిస్తే మార్కులు కాకుండా ఒక ప్రశ్న అడగండి: నీకు ఖాయంగా తెలుసనుకుని తప్పు పెట్టింది ఈ వారం ఏమైనా ఉందా అని. ఉంది అంటే ఆ కథ చెప్పించుకుని వినండి. మధ్యలో దిద్దకండి, చెప్తూ చెప్తూ చాలాసార్లు వాళ్లే ఆగి, ఓహో అంటారు. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫరవాలేదు.